ఒట్టిపోయిన ఆవు, ఫిలడెల్ఫియా రేవు

ముందే ఒక మాట చెప్పేస్తాను, తర్వాత ఎవరూ నన్ను తిట్టుకోకూడదు. ఈ హాల్లో సగం మంది బీఫ్ ముట్టరు. మిగతా సగంలో తినేవాళ్ళున్నారు కానీ వాళ్ళలో కొందరి విషయం ఇంట్లో అమ్మకి తెలియదు. (నవ్వులు) నేను తినమనీ చెప్పను, మానమనీ చెప్పను. ఫిలడెల్ఫియా రేవు పక్కన ఒక కోల్డ్ స్టోరేజీలో పద్నాలుగేళ్ళుగా మాంసం దిగుమతి కాగితాలు చూస్తున్నాను, అంతే. ఇన్నేళ్ళలో మనవాళ్ళెవరూ నా పని గురించి రెండో ప్రశ్న అడగలేదు. ఏం చేస్తావు అంటారు, చెప్తాను, ఓహో అని క్రికెట్ వైపు వెళ్ళిపోతారు. మొదటిసారి మీరు పిలిచి మరీ అడిగారు కాబట్టి కాస్త ఎక్కువే మాట్లాడతానేమో, ఓపిక పట్టండి.

అమెరికన్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. టెక్సస్ మనదే, నెబ్రాస్కా మనదే, కాన్సస్ మనదే, ఇంత పశుసంపద పెట్టుకుని ఆస్ట్రేలియా నుంచి బ్రెజిల్ నుంచి మాంసం తెచ్చుకోవడమేంటి అని. న్యాయమైన ప్రశ్నే. 2024లో ఈ దేశం బయటి నుంచి తెచ్చుకున్న బీఫ్ 464 కోట్ల పౌండ్లు, ఎముకతో సహా లెక్కగట్టే పద్ధతిలో. అంటే 21 లక్షల టన్నులు. అప్పటివరకూ అదే రికార్డు. 2022లో 339 కోట్లు, 2023లో 373. రెండేళ్ళలో మూడో వంతుకు పైగా పెరిగింది. 2021లో, 2022లో బరువు లెక్కన తెచ్చుకున్నదానికంటే పంపిందే కాస్త ఎక్కువ, 2023 నుంచి అది తిరగబడింది. ఇదంతా ఇక్కడ సొంతంగా ఏటా 2,700 కోట్ల పౌండ్లు తయారవుతుండగానే.

దీనికి జవాబు ఖీమాలో ఉంది. అమెరికా వాడు తినే బీఫ్‌లో దాదాపు సగం స్టేకు కాదు, ఖీమా. బర్గరు, టాకో, మీట్‌బాల్, స్కూలు పిల్లల క్యాంటీన్, అన్నీ ఖీమానే. ఇక్కడి కోడెల్ని చివరి కొన్ని నెలలు ఫీడ్‌లాట్‌లో, అంటే మేపుడు దొడ్డిలో, నిలబెట్టి మొక్కజొన్న మేపుతారు. బాగా కొవ్వు పడుతుంది, స్టేకుకి అదే రుచి. ఆ స్టేకులు కోయగా మిగిలిన తునకలు ఉంటాయి చూశారూ, వాటిలో సగం కొవ్వే. వ్యాపారంలో వాటిని ఫిఫ్టీస్ అంటారు, నూటికి యాభై పాళ్ళు కండ అని అర్థం. యాభై పాళ్ళ కొవ్వుతో ఖీమా చేస్తే పెనం మీద నెయ్యి కాచినట్టే, బర్గర్ మిగలదు. దానికి కొవ్వు లేని కండ కలపాలి. అది నైంటీస్, తొంభై పాళ్ళ కండ. షాపులో డబ్బా మీద 80/20 అని రాసుంటుంది కదా, లెక్క వేయండి, మూడు పాళ్ళు నైంటీస్, ఒక పాలు ఫిఫ్టీస్ కలిపితే సరిగ్గా ఎనభై వస్తుంది. అంటే కొవ్వు తునక ఒకటి అమ్ముడుపోవాలంటే మూడు కండ తునకలు తోడు కావాలి! ఆ కండే ఇక్కడ చాలడం లేదు. మా గోడౌన్‌లోకి దిగే పెట్టెల్లో ఎక్కువ భాగం అదే, 27.2 కిలోల అట్టపెట్టె, అంటే 60 పౌండ్లు, లోపల ఎముక లేని కండ తునకలు.

మరి ఈ దేశంలో సొంత కండ ఎక్కడి నుంచి వస్తుంది? ఒట్టిపోయిన ఆవు నుంచి. పాలు తగ్గిన డెయిరీ ఆవు, ఇక చూడి కట్టని ముసలి ఆవు, వయసైపోయిన ఆబోతు. వాటి ఒంటిమీద కొవ్వు ఉండదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మిగతా కథంతా ఆ ఒట్టిపోయిన ఆవు చుట్టూనే తిరుగుతుంది.

దానికి ముందు "తాజా" అనే మాట సంగతి చూద్దాం, లేకపోతే నేను తాజా బీఫ్ అన్నప్పుడల్లా మీరు సంతలో కొట్టి వేలాడదీసింది అనుకుంటారు. కస్టమ్స్ వాళ్ళ పుస్తకంలో రెండు పద్దులున్నాయి, 0201 అంటే తాజాగా లేదా చల్లబరిచి వచ్చింది, 0202 అంటే గడ్డకట్టించి వచ్చింది. కానీ ఇక్కడి వ్యవసాయ శాఖ వాళ్ళు ఫ్రెష్ బీఫ్ అని ప్రకటన ఇస్తే అందులో గడ్డకట్టింది కూడా కలుస్తుంది, వండనిది ఏదైనా వాళ్ళకి ఫ్రెష్షే. కెనడా, మెక్సికోల నుంచి లారీల్లో చల్లగా వస్తుంది, ఒప్పందం ఉంది కాబట్టి సుంకమూ లేదు, కోటా కూడా లేదు. ఓడ మీద వచ్చేది ఎక్కువగా రాయిలాగా గడ్డకట్టి వస్తుంది. గడ్డకట్టినదాన్ని ఫ్రెష్ అనడమేంటని నేను చేరిన కొత్తలో ఒకసారి వాదించాను. మా సూపర్‌వైజర్ నవ్వి, "పచ్చిదా ఉడికిందా అని మాత్రం చూడు" అన్నాడు. నిజంగా అంతే. పచ్చిగా రావాలా ఉడికించి రావాలా అన్న ప్రశ్న మీద దక్షిణ అమెరికా వ్యాపారం దశాబ్దాల పాటు నలిగింది.

కారణం గాలికుంటు. ఊళ్ళో పశువులున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, నోట్లో పుళ్ళు, గిట్టల్లో పుళ్ళు, చొంగ, మేత ముట్టకపోవడం. అమెరికాలో చివరిసారి ఆ వ్యాధి వచ్చింది 1929లో. పచ్చి మాంసంతో ఆ వైరస్ వస్తుందని గాలికుంటు ఉన్న దేశాల పచ్చి మాంసాన్ని దాదాపు ఆ కాలం నుంచే ఆపేశారు, 1930 సుంకాల చట్టంలో దాన్ని బిగించేశారు కూడా. అర్జెంటీనా వాళ్ళు అప్పుడు ఏం చేశారంటే, ఉడికించి డబ్బాలో పెట్టి పంపారు. కార్న్‌డ్ బీఫ్ అనే డబ్బా మాంసం అలాంటిదే. అర్జెంటీనా పచ్చి మాంసం మళ్ళీ 1997లో మొదలైంది, 2001లో అక్కడ గాలికుంటు వచ్చి ఆగిపోయింది, తిరిగి ఓడ ఎక్కేసరికి 2018. బ్రెజిల్‌కి తలుపు తెరిచింది 2016 ఆగస్టులో. ఏడాది కూడా నిలవలేదు. 2017 మార్చిలో అక్కడ తనిఖీ అధికారుల లంచాల బాగోతం బయటపడింది, ఇక్కడ ప్రతి పెట్టె మీద చూపు పెరిగింది, బ్రెజిల్ సరుకులో 11 శాతం వెనక్కి పంపారు. మిగతా ప్రపంచం సరుకులో వెనక్కి పోయేది ఒక శాతం. జూన్ 22న తలుపు మూశారు. మళ్ళీ తెరిచింది 2020 ఫిబ్రవరిలో.

వెనక కూర్చున్న బాబాయిగారు ఏదో అడుగుతున్నారు... ఆ, మన దేశం సంగతి. మన దేశం పెద్ద ఎగుమతిదారే, కాకపోతే గేదె మాంసం, ఎముక తీసి గడ్డకట్టించినది. ఆవు మాంసం ఎగుమతికి అనుమతి లేదు. మన జహీరాబాద్ దగ్గర కూడా ఎగుమతి ప్లాంటు ఉంది. ఆ సరుకు వియత్నాం, మలేషియా, ఈజిప్టు, ఇండోనేషియా వైపు వెళ్తుంది, ఇక్కడికి రాదు, మళ్ళీ అదే గాలికుంటు కారణం. హైదరాబాద్‌లో గేదె మాంసపు కల్యాణి బిర్యానీ తినేవాళ్ళకి మాత్రం ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. (నవ్వులు)

సరే, ఒట్టిపోయిన ఆవు దగ్గరికి వద్దాం. మాది ప్రకాశం జిల్లా, చీమకుర్తి దగ్గర పల్లె. కరువు వచ్చిన ఏడాది ఏం జరిగేదో నాకు కళ్ళకి కట్టినట్టుంది. గడ్డివాము తరిగిపోతుంటుంది, మా తాత రోజూ వాము వైపు చూసి చేత్తో కొలతేసేవాడు, ఇన్ని రోజులు అని. అది సంక్రాంతి దాకా రాదనిపించిన రోజు ముసలి గొడ్డుని ముందు సంతకి తోలేవాడు, తర్వాత ఇంకోదాన్ని. ఊరంతా అదే పని చేస్తే సంతలో గొడ్లు కుప్పలు, ధర పాతాళం. టెక్సస్ రైతు వేరేలా చేస్తాడనుకున్నారా? పికప్ ట్రక్కు ఉంది, టోపీ ఉంది, లెక్క మాత్రం మా తాత లెక్కే.

2011లో టెక్సస్‌లో భయంకరమైన కరువు. రైతులు ఆవుల్ని మందలు మందలుగా అమ్ముకున్నారు. అవన్నీ ఎక్కడికి పోయాయి? ఖీమాలోకి. కొవ్వు లేని కండ దేశంలోనే పుష్కలంగా దొరికింది. డాలరు కూడా అప్పుడు బలహీనంగా ఉంది, బయటి సరుకు ఖరీదైంది. ఆ ఏడాది దిగుమతి 206 కోట్ల పౌండ్లకి పడిపోయింది. తర్వాత వానలు పడ్డాయి. వానలు పడితే రైతు ఏం చేస్తాడు, ఉన్న ఆవుని అమ్మడు, పెయ్యల్ని కూడా ఉంచుకుంటాడు, మందని మళ్ళీ పెంచుకోవాలి కదా. 2014 జనవరికి దేశం మొత్తం పశువుల మంద 8.85 కోట్లకి తగ్గిపోయి ఉంది, ఉన్నవాటిని ఎవరూ అమ్మడం లేదు, ఒట్టిపోయిన ఆవు కబేళాకి రావడం ఆగింది. 2015లో దిగుమతి 337 కోట్ల పౌండ్లు!

కాబట్టి కరువులో దిగుమతి తగ్గుతుంది, పచ్చగడ్డి మొలిచాక పెరుగుతుంది. నేను చేరిన కొత్తలో ఇది నాకు తలకిందులుగా అనిపించేది. పంట అయితే కరువు వస్తే బయటి నుంచి తెచ్చుకుంటాం, కందిపప్పు అలాగే కదా. పశువు అలా కాదు. కరువు వచ్చినప్పుడు రెండు మూడేళ్ళ తర్వాత తినాల్సిన మాంసాన్ని ముందే తినేస్తాం, బిల్లు తర్వాత వస్తుంది.

ఆ బిల్లే ఇప్పుడు కడుతున్నాం. 2019లో మంద 9.48 కోట్లు. 2020 నుంచి మళ్ళీ పశ్చిమాన, మైదాన రాష్ట్రాల్లో వానలు ముఖం చాటేశాయి, మేత ఖరీదైంది, 2022లో ఆవుల్ని విపరీతంగా అమ్మేశారు. 2021, 2022 రెండేళ్ళూ దిగుమతి పెద్దగా కదల్లేదు, కండ ఇక్కడే ఉంది కాబట్టి. 2025 జనవరి 1 నాటి లెక్క 8.67 కోట్లు. 1951 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. 1975లో 13.2 కోట్లు ఉండేవి, ఇప్పుడు అందులో మూడింట రెండొంతులు. అయినా మొత్తం మాంసం అప్పటికంటే ఎక్కువే వస్తోంది, ఎందుకంటే ఒక్కో కోడెని ఎక్కువ బరువుకి మేపుతున్నారు. ఇక్కడ మళ్ళీ చిక్కు చూడండి, ఎక్కువ మేపితే ఏం పెరుగుతుంది? కొవ్వు. కొవ్వు తునకలు ఎక్కువయ్యాయి, వాటికి తోడు కావలసిన కండ తగ్గింది. అందుకే మా రేవు దగ్గర ట్రక్కుల లైను.

ఇక కోటాలు. దీని గురించి గంట మాట్లాడగలను, మా ఆవిడ మొదటి వరసలో కూర్చుని వద్దని సైగ చేస్తోంది కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 1995 నుంచి పద్ధతి ఏంటంటే ఒక్కో దేశానికి ఏడాదికి ఇంత అని కోటా, ఆ లోపు వస్తే కిలోకి 4.4 సెంట్లు మాత్రమే సుంకం, దాటితే ఇప్పటి లెక్కన విలువ మీద 26.4 శాతం. న్యూజీలాండ్‌కి 213,402 టన్నులు, ఉరుగ్వేకి 20,000, అర్జెంటీనాకి 2025 దాకా 20,000. ఆస్ట్రేలియాకి అప్పట్లో 378,214 ఉండేది, 2005 ఒప్పందంతో వాళ్ళ దారి వేరైంది. విడిగా కోటా లేని దేశాలన్నిటికీ కలిపి ఉమ్మడి కుండ ఒకటి, 2025లో అది 65,005 టన్నులు. బ్రెజిల్ ఆ కుండలోనే తినాలి. ఎవరు ముందొస్తే వాళ్ళకే. ఇంతకుముందు ఆ కుండ ఖాళీ కావడానికి నెలలు పట్టేది, 2025లో జనవరి నెలలోనే ఖాళీ.

అందుకని డిసెంబరులో మా పరిస్థితి ఊహించండి. ఓడలు ముందే వచ్చేస్తాయి, సరుకుని కస్టమ్స్ లెక్కలోకి ఎక్కించకుండా బాండెడ్ గోడౌన్‌లో కూర్చోబెడతారు, కొత్త సంవత్సరం మొదటి పనిదినం రాగానే అందరూ ఒకేసారి కాగితాలు పెడతారు. తిరుమలలో కంపార్ట్‌మెంటు తలుపు తీసినట్టు ఉంటుంది. డిసెంబరు 31 రాత్రి మీరంతా కేకు కోస్తుంటే నేను స్ప్రెడ్‌షీటు కోస్తుంటాను.

ఒకసారి ఏమైందంటే, దక్షిణ అమెరికా నుంచి ఒక కంటైనరు, తొమ్మిది వందల పైచిలుకు పెట్టెలు, దాదాపు 26 టన్నులు. ప్రతి పెట్టె మీద షిప్పింగ్ మార్క్ ముద్ర ఉంటుంది, ఆ నంబరు ఆ దేశం పశువైద్యాధికారి ఇచ్చిన సర్టిఫికెట్ మీద ఉన్నదానితో సరిపోవాలి. సర్టిఫికెట్‌లో ఒక అంకె తప్పు పడింది. ఒకే ఒక్క అంకె. తనిఖీలో ఆపేశారు, ఆపాల్సిందే, వాళ్ళ తప్పేం లేదు. కొత్త సర్టిఫికెట్ వచ్చేసరికి పదకొండు రోజులు, ఈలోగా కోటా మూసేశారు. కిలో ఆరు డాలర్లు అనుకోండి, కోటాలో వెళ్ళుంటే సుంకం 1,144 డాలర్లు. కోటా దాటితే 41,184. దిగుమతి చేసుకున్నాయన ఫోన్‌లో నాతో ఏమన్నాడో ఈ సభలో చెప్పలేను. నంబరు సరిచూడాల్సింది ముందు నేను కదా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఓడ బయల్దేరకముందే సర్టిఫికెట్ ఫొటో తెప్పించుకుని వేలు పెట్టి అంకె అంకె చదువుతాను, మా అమ్మాయి చూసి నాన్న విష్ణు సహస్రనామం చదువుతున్నాడనుకుంది.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన భాగం. బ్రెజిల్ పెట్టెలో ఉన్న కండ ఏ జాతి పశువుదో తెలుసా? అక్కడి మాంసపు మందలో నూటికి ఎనభై దాకా ఒకే జాతి, లేదా ఆ జాతి కలిసినవి అంటారు. పేరు నెలోర్. అవును, మన నెల్లూరే. ఫొటో చూస్తే మీకే తెలుస్తుంది, తెల్లటి ఒళ్ళు, మూపురం, గంగడోలు, అచ్చం మన ఒంగోలు గిత్త. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలోనే ఉండేది, తెల్లదొరల పుస్తకాల్లో అది నెల్లూరు జాతి. 19వ శతాబ్దం రెండో సగం నుంచి విడతలు విడతలుగా ఓడలెక్కి బ్రెజిల్ చేరింది, 1960ల మొదట్లో చివరి పెద్ద విడత వెళ్ళింది. ఎండకి తట్టుకుంటుంది, పిడుదులకి తట్టుకుంటుంది, నాసి గడ్డి తిని బతుకుతుంది. ఆ జాతి ఆవు ఒకదాన్ని, వియాటినా-19 అని పేరు, 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారు అక్కడ. ఇక్కడ మా తాత జత ఎడ్లని ట్రాక్టరు వచ్చిన ఏడాది ఎంతకిచ్చాడో చెప్తే మీకు ఏడుపొస్తుంది.

గడ్డి మేసి పెరిగే ఆ నెలోర్ పశువుకి కండల్లో కొవ్వు పెద్దగా పట్టదు. స్టేకుకి అది లోపం. ఖీమాకి అదే వరం. అమెరికా మొక్కజొన్న కొవ్వుకి జోడీగా మన ఒంగోలు మనవడి కండ, ఈ రెండూ కలిసి న్యూజెర్సీలో హైవే పక్కన బర్గరు. దీనికి గర్వపడాలో బాధపడాలో నాకు ఇప్పటికీ తేలలేదు, మా అమ్మతో మాత్రం చెప్పలేదు.

2025 సంగతి చెప్పి ఆపేస్తాను. ఏప్రిల్లో చాలా దేశాల మీద అదనంగా 10 శాతం వేశారు, బీఫ్ కూడా తప్పించుకోలేదు. ఆగస్టులో బ్రెజిల్ మీద ఇంకో 40. కోటా దాటిన 26.4 దానికి కలిపితే 76.4 శాతం! బ్రెజిల్ పెట్టెలు ఒక్కసారి తగ్గిపోయాయి, మా గోడౌన్‌లో ఆస్ట్రేలియా పేర్లు పెరిగాయి. కండ అవసరం తగ్గిందా? లేదు, పెట్టె మీద పేరు మారింది, ధర పెరిగింది. దానికి తోడు మెక్సికోలో పశువుల పుళ్ళలో పచ్చి మాంసం తినే స్క్రూవార్మ్ పురుగు బయటపడి అక్కడి నుంచి ప్రాణంతో వచ్చే దూడలకి సరిహద్దు మూశారు. 2021 మొదట్లో పౌండు నాలుగు డాలర్ల దగ్గరున్న ఖీమా 2025 వేసవికి ఆరు దాటింది. అక్టోబరులో అర్జెంటీనా నుంచి ఎక్కువ తెప్పిస్తామని అధ్యక్షుడు అనేసరికి ఇక్కడి రైతులు భగ్గుమన్నారు, కొన్నేళ్ళ నష్టం తర్వాత ఇప్పుడే నాలుగు డబ్బులు చూస్తుంటే మా నోట్లో మట్టి కొడతారా అని. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది, కానీ వాళ్ళు అమ్మేది కొవ్వు పట్టిన కోడె, ఓడ మీద వచ్చేది కండ తునక. ఒకటి లేకపోతే రెండోది పూర్తిగా అమ్ముడుపోదు. ఈ మాట ఒక రైతుతో అంటే నా వైపు చాలాసేపు చూసి, "నువ్వు ఓడల వాడివి, అలాగే అంటావు" అన్నాడు. అదీ నిజమే. నవంబరు 14న బీఫ్ మీద ఆ అదనపు సుంకం తీసేశారు, వారం తిరక్కుండా బ్రెజిల్ మీద 40 కూడా తీసేశారు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, చెల్లెమ్మా...

డబ్బా మీద అమెరికా సరుకు అని రాసుంటే నమ్మొచ్చా అంటున్నారు. బీఫ్ మీద దేశం పేరు తప్పనిసరిగా రాయాలనే చట్టం ఉండేది, కెనడా మెక్సికోలు ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు గెలిచాక 2015 డిసెంబరులో ఎత్తేశారు. ఆ తర్వాత బయటి నుంచి వచ్చిన మాంసాన్ని ఇక్కడ కోసి ప్యాక్ చేసినా అమెరికా సరుకని రాసుకోనిచ్చారు. 2026 జనవరి 1 నుంచి అది కుదరదు, పుట్టింది, పెరిగింది, కోసింది, ప్యాక్ చేసింది అన్నీ ఇక్కడే అయితేనే ఆ మాట వాడాలి. అసలేమీ రాయకపోతే మాత్రం తప్పు లేదు.

ధర ఎప్పుడు తగ్గుతుందా? బాబాయిగారూ, అది మీరే చెప్పగలరు, పశువులు మేపినవారు. ఇవాళ ఒక రైతు పెయ్యని అమ్మకుండా ఉంచుకున్నాడనుకోండి. దానికి పదిహేను నెలలు వస్తే గానీ దాటించరు. తొమ్మిది నెలలు చూడి. ఆ దూడ కబేళా బరువుకి రావడానికి ఇంకో ఏడాదిన్నర. ఈలోగా ఆ పెయ్య కూడా కబేళాకి పోలేదు కాబట్టి సరుకు ఇంకా తగ్గుతుంది. అంటే రైతు ఈరోజు మంచి పని మొదలుపెడితే మూడేళ్ళకి పైగా పడుతుంది, అది కూడా వాన సరిగ్గా పడితే. పడకపోతే ఆ పెయ్యని కూడా అమ్మేస్తాడు, అప్పుడు ఓ ఏడాది ఖీమా చవకవుతుంది, మీరు సంతోషిస్తారు, మా గోడౌన్‌లో నాకు ఓవర్‌టైమ్ ఆగిపోతుంది.